బీఎస్సీ తర్వాత బీఈడీ: ఫీజు డబ్బు సర్దుకోవడం ఎలా?

తెలుగు రాష్ట్రాల్లో బీఈడీ ఫీజు ఇంజినీరింగ్ ఫీజుతో పోలిస్తే చిన్నదే. అయినా బీఎస్సీ పూర్తిచేసి టీచర్ కావాలనుకునే పిల్లలు చాలామంది డబ్బు దగ్గరే చిక్కుకుంటారు. ప్రభుత్వం ఫీజు తిరిగిచ్చే రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధీమాతో చేరతారు. అది రావాల్సిన నెలకు రాదు. పరీక్ష ఫీజు కట్టే రోజున కాలేజీ పాత బాకీ అడుగుతుంది. అప్పటికప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు చేస్తారు. ఎంత ఖర్చవుతుందో తెలిస్తే సరిపోదు, ఆ డబ్బు ఏ నెలలో ఎవరు కట్టాలో కూడా సీటు తీసుకోకముందే తెలిసి ఉండాలి. కింద ఉన్న వరుస బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ దరఖాస్తుకు ముందు మొదలై, కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు చేతికొచ్చే దాకా నడుస్తుంది.

1. ఈ డబ్బు ఏ ఉద్యోగం కోసం పెడుతున్నారో తేల్చుకోండి

2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1 నుంచి 5 తరగతులకు పాఠాలు చెప్పే ఎస్జీటీ పోస్టులకు బీఈడీ చెల్లదు. వాటికి డీఎడ్ (డీఎల్‌ఎడ్) ఉండాల్సిందే. బీఈడీతో మీరు పోటీ పడేది హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, గురుకులాల్లో టీజీటీ (ట్రైన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) లాంటి పోస్టులకు. దానికి టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో పేపర్ 2 పాసై ఉండాలి. బీఎస్సీ వాళ్లు అందులో గణితం, సైన్స్ విభాగం రాస్తారు.

పోస్టుల లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణ 2024 డీఎస్సీ (టీచర్ పోస్టుల నియామకం)లో మొత్తం 11,062 పోస్టుల్లో ఎస్జీటీలే 6,508. స్కూల్ అసిస్టెంట్లు అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371. ఒక డీఎస్సీకీ మరో డీఎస్సీకీ మధ్య ఏళ్లు గడిచిపోవచ్చు. కాబట్టి కోర్సు అవ్వగానే సర్కారీ జీతం వస్తుందన్న లెక్కతో పెద్ద అప్పు చేయకండి. మధ్యలో ప్రైవేటు స్కూలు జీతంతో కూడా తీర్చగలిగినంతే అప్పు చేయాలి. చిన్న పిల్లలకు పాఠం చెప్పడమే మీకు ఇష్టమైతే బీఈడీ ఫీజు కట్టకముందే డీఎల్‌ఎడ్ సంగతి ఆలోచించండి. అదీ రెండేళ్ల కోర్సే.

2. "నాన్ అటెండింగ్" బేరాన్ని మొదటే పక్కన పెట్టండి

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకే ఈ వల ఎక్కువగా వేస్తారు. "కాలేజీకి రానక్కర్లేదు, స్కూల్లో ఉద్యోగం చేసుకుంటూనే సర్టిఫికెట్ తీసుకోండి, అంతా కలిపి ఇంత" అంటాడు ఏజెంటు. పక్క రాష్ట్రాల కాలేజీల పేర్లు కూడా చెబుతాడు. టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెగ్యులర్ బీఈడీలో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. వెళ్లకుండా వేయించుకున్న హాజరు ఎప్పుడు తనిఖీ జరిగినా బయటపడుతుంది. డీఎస్సీ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో అదే రెండేళ్లకు స్కూలు జీతం చీటీ, బీఈడీ హాజరు రెండూ ఉంటే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. ఏజెంటు ఆనాటికి ఉండడు. పైగా ఇలా కట్టిన డబ్బుకు సరైన రసీదు ఉండదు, రీయింబర్స్‌మెంట్ రాదు, బ్యాంకు లోనూ రాదు.

దూరవిద్యలో బీఈడీ నిజంగానే ఉంది, కానీ అది తాజా బీఎస్సీ గ్రాడ్యుయేట్ కోసం కాదు. ఇప్పటికే ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న శిక్షణ పొందిన టీచర్లకు, లేదా ఎన్‌సీటీఈ గుర్తింపున్న టీచర్ కోర్సును రెగ్యులర్‌గా చేసినవాళ్లకు మాత్రమే ఆ అర్హత ఉంటుంది. ఇగ్నో బీఈడీకి మొత్తం ప్రోగ్రామ్ ఫీజు 55,000 రూపాయలు. డీఎడ్ ఉండి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అది మంచి దారే.

3. ఖర్చు మొత్తం ఒక కాగితం మీద పెట్టండి

ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి "ఇంతేగా" అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఇవన్నీ రాయండి:

- ఎడ్‌సెట్ దరఖాస్తు రుసుము. ఇటీవలి నోటిఫికేషన్లలో తెలంగాణలో 750, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 550. ఆంధ్రలో ఓసీలకు 650, బీసీలకు 500, ఎస్సీ, ఎస్టీలకు 450.
- కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ రుసుము. కట్టాక ఇది తిరిగి రాదు.
- ట్యూషన్ ఫీజు, రెండేళ్లకు. కాలేజీ కాలేజీకీ మారుతుంది. దీన్ని తెలంగాణలో ఫీజుల నియంత్రణ కమిటీ (టీఏఎఫ్‌ఆర్‌సీ), ఆంధ్రలో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసు మీద ప్రభుత్వం ఖరారు చేస్తుంది.
- యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, నాలుగు సెమిస్టర్ల పరీక్ష ఫీజులు.
- రికార్డులు, చార్టులు, బోధనోపకరణాలు, జిరాక్స్, ప్రింట్లు.
- కాలేజీకీ, ఇంటర్న్‌షిప్ స్కూలుకీ రాకపోకలు. ఊరు మారితే హాస్టల్ లేదా గది అద్దె.
- చివర్లో టెట్, డీఎస్సీ దరఖాస్తులు, ఆ తయారీ నెలల తిండి ఖర్చు.

ప్రయాణం దగ్గర అమ్మాయిలకు పెద్ద వెసులుబాటు ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సహా సాధారణ సర్వీసుల్లో ఉచిత ప్రయాణం. గది అద్దె కట్టే బదులు రోజూ గంట బస్సులో వెళ్లొచ్చే కాలేజీ ఉంటే రెండేళ్లలో మిగిలేది చాలాచోట్ల ఒక ఏడాది ట్యూషన్ ఫీజును మించిపోతుంది. అబ్బాయిలు స్టూడెంట్ బస్ పాస్ ధరతో ఇదే లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు ఆ కాగితం మీద ప్రతి పద్దుకూ పక్కన నెల రాయండి. ఏది జూన్‌లో, ఏది చేరే రోజున, ఏది సెమిస్టర్ పరీక్షల ముందు కట్టాలో. ఆ పక్కన "ఎవరు కడతారు" అని ఇంకో గడి గీయండి. అందులో "ప్రభుత్వం" అని రాసిన చోటల్లా, ఆ డబ్బు ఆలస్యమైతే ఎవరు కడతారో కూడా రాయండి. ఈ మూడో గడిని ఖాళీగా వదిలేసినవాళ్లే మూడో సెమిస్టర్‌లో ఇబ్బంది పడతారు.

4. ర్యాంకు మీదే ఫీజు ఆధారపడుతుంది

ఎడ్‌సెట్‌లో క్వాలిఫై కావడం తేలికే కదా అని చాలామంది చదవకుండా వెళ్తారు. సీటు దొరకడం ఒకటి, ప్రభుత్వ కాలేజీలో సీటు దొరకడం వేరు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఈడీ కాలేజీ ఐఏఎస్‌ఈ, రాజమహేంద్రవరం, నెల్లూరు ఐఏఎస్‌ఈలు, యూనివర్సిటీ బీఈడీ కాలేజీలు, ఇలాంటి చోట ఫీజు తక్కువ. పైపై వసూళ్ల బెడదా తక్కువే. ల్యాబులు, అనుభవమున్న లెక్చరర్లు ఉంటారు. నెలరోజులు శ్రద్ధగా చదివితే వచ్చే ర్యాంకు, రెండేళ్లు తిరిగి సంపాదించుకునే స్కాలర్‌షిప్ కంటే విలువైనది.

రెండు రాష్ట్రాల పేపర్లూ ఒకటి కాదు. ఆంధ్ర ఎడ్‌సెట్‌లో 150 మార్కుల్లో 100 మీ మెథడాలజీ సబ్జెక్టువే, అంటే బీఈడీలో బోధించడం నేర్చుకోవడానికి మీరు ఎంచుకునే సబ్జెక్టువే. ఫిజికల్ సైన్స్ అయితే ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. బయలాజికల్ సైన్స్ అయితే బోటనీ 50, జువాలజీ 50. అక్కడ డిగ్రీ పుస్తకాలే ఆధారం. తెలంగాణలో గణితం, సైన్స్, సోషల్ కలిపి 60 మార్కులకు పదో తరగతి స్థాయిలో ఉంటాయి. మిగతా 90 టీచింగ్ ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, జీకే, విద్యాంశాలు, కంప్యూటర్ అవగాహన మీద. బీఎస్సీ వాళ్లు ఇక్కడ మార్కులు పోగొట్టుకునేది సోషల్‌లో, జీకేలో. సైన్స్ ఎలాగూ వచ్చు కాబట్టి చదివే సమయం వాటికి పెట్టండి.

డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగులకు 40 శాతం. ఆంధ్రలో 2023-24 నుంచి డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతికి మారింది. ఆ బ్యాచ్ వాళ్లు తమ మేజర్, మైనర్‌తో ఏ మెథడాలజీకి అర్హులో నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే రుసుము కట్టండి.

5. వెబ్ ఆప్షన్ల రాత్రి చేయాల్సిన పని

ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అని రెండు రకాల సీట్లుంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది స్పాట్ అడ్మిషన్ సంగతి. కౌన్సెలింగ్ విడతలు అయ్యాక మిగిలిన సీట్లలో కాలేజీ స్థాయిలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. "తర్వాత చూద్దాం, సీట్లు మిగులుతాయి లే" అని కౌన్సెలింగ్ విడతలు వదిలేసినవాళ్లు రెండేళ్ల ఫీజు జేబులోంచి కట్టాల్సి వస్తుంది.

ఆప్షన్లు పెట్టే ముందు మీకు నచ్చిన నాలుగైదు కాలేజీల గురించి ఇవి కనుక్కోండి. ఎన్‌సీటీఈ దక్షిణ ప్రాంతీయ కమిటీ గుర్తింపు ప్రస్తుతం ఉందా? ఈ ఏడాది యూనివర్సిటీ అనుబంధం వచ్చిందా? ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజు ఎంత? సీనియర్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది: ట్యూషన్ ఫీజు కాకుండా ఏడాదిలో ఇంకేం వసూలు చేశారు, రసీదు ఇచ్చారా, రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఏమన్నారు? రికార్డుల ఫీజు, ఇంటర్న్‌షిప్ ఫీజు, ప్రాక్టికల్స్ ఫీజు లాంటి పేర్లతో తీసుకునేవే ఒక్కోసారి ట్యూషన్ ఫీజును దాటిపోతాయి. ఫీజు తక్కువున్న కాలేజీ చివరికి చవక కాకపోవచ్చు.

అలాట్‌మెంట్ ఆర్డర్ రాగానే అందులో మీరు కట్టాల్సిన ఫీజు ఎంతో చూడండి. రీయింబర్స్‌మెంట్ అర్హత ఉందనుకున్నవాళ్లకు పూర్తి ఫీజు కనిపిస్తే ఆదాయ వివరాలు సరిగ్గా ఎక్కలేదని అర్థం. వెంటనే హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లండి. చేరాక సరిచేయించుకోవడం చాలా కష్టం.

6. రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు

తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్ ద్వారా. ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగులకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రలో జ్ఞానభూమి వెబ్‌సైట్ ద్వారా. ఆదాయ పరిమితి 2.5 లక్షలు. భూమి మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, సొంత కారు ఉంటే అభ్యంతరం వస్తుంది. ఆ వివరాల పరిశీలన గ్రామ, వార్డు సచివాలయం దగ్గర జరుగుతుంది.

ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లు) కోటా వాళ్లు ఒక పొరపాటు పడతారు. 8 లక్షల లోపు ఆదాయానికి ఇచ్చే ఆ సర్టిఫికెట్ సీటు రిజర్వేషన్‌కే. ఫీజు వాపసుకు పై పరిమితులే వర్తిస్తాయి. అలాగే ఇప్పటికే ఎల్‌ఎల్‌బీ లాంటి వృత్తి కోర్సు స్కాలర్‌షిప్‌తో చదివి మళ్లీ బీఈడీకి అడిగితే రాదు. పక్క రాష్ట్రంలో సీటు తెచ్చుకున్నవాళ్లు రీయింబర్స్‌మెంట్‌ను లెక్కలోకే తీసుకోకండి.

కాగితాలు సిద్ధం చేసుకునే క్రమం ఇది. ముందుగా పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ఆధార్ సరిచేయించుకోండి. దరఖాస్తులు ఆగిపోయే కారణాల్లో ఇది ముఖ్యమైనది. కౌన్సెలింగ్‌కు నెల ముందే చేయించుకుంటే హైరానా ఉండదు. తర్వాత కులం, ఆదాయ సర్టిఫికెట్లు. ఆదాయ సర్టిఫికెట్ ఆ విద్యా సంవత్సరానికి చెల్లేదై ఉండాలి. డిగ్రీ ఫస్టియర్‌లో తీసుకున్నది బయటికి తీయకండి.

ఆ తర్వాత బ్యాంకు ఖాతా. అకౌంట్ నంబర్ ఇచ్చాం కదా అని ఊరుకుంటే చాలదు. ప్రభుత్వ డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకి వెళ్తుంది. మీరు ఫారంలో రాసిన ఖాతా ఒకటి, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌కు జతైన ఖాతా ఇంకొకటి అయితే డబ్బు ఆ రెండోదాంట్లో పడుతుంది. అది వాడకం లేక మూసుకుపోయినదైతే వెనక్కి పోతుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది. అక్కడ ఏ బ్యాంకు పేరు కనిపిస్తుందో చూసి, తేడా ఉంటే మీ బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి. మధ్యలో కొత్త ఖాతా తెరిస్తే ఈ ముడి దానికి మారిపోవచ్చు. అప్పుడు మళ్లీ చూసుకోండి.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాక ప్రింటు, జతపత్రాలు కాలేజీలో ఇచ్చి, ఆధార్ వేలిముద్ర పరిశీలన పూర్తిచేసి, కాలేజీ దాన్ని సంక్షేమ శాఖకు పంపిందో లేదో స్టేటస్‌లో చూడండి. కాలేజీ లాగిన్‌లోనే ఆగిపోయిన దరఖాస్తుకు ఎవరూ కబురు పంపరు. పది రోజులకోసారి మీరే చూసుకోవాలి. రెండో ఏడాది రెన్యువల్ ఉంటుంది. దానికి 75 శాతం హాజరు, ఫస్టియర్ నుంచి ప్రమోట్ అయిన వివరాలు కావాలి.

ట్యూషన్ ఫీజు సాధారణంగా కాలేజీ ఖాతాకే వెళ్తుంది. తిండి, వసతి కోసం ఇచ్చే మెయింటెనెన్స్ డబ్బు విద్యార్థికి వస్తుంది. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోనే పడుతుంది. అలా పడ్డ దాంట్లో ఫీజు భాగాన్ని కాలేజీకి కట్టి రసీదు తీసుకోవాలి. అది సొంత ఖర్చులకు వాడేస్తే రెండో ఏడాది ఒక్కసారే రెట్టింపు బాకీ కనిపిస్తుంది.

7. డబ్బు ఆలస్యమైతే

ఆలస్యమవుతుందనే అనుకుని బయలుదేరండి. రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం, కాలేజీలు బంద్ పాటించడం బహిరంగ విషయమే. ఒక ఏడాది ట్యూషన్ ఫీజుకు సరిపడా డబ్బు కదిలించుకోగలిగేలా ఉంచుకోండి. మొత్తం చేతిలోనే ఉండాలని కాదు. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే స్త్రీనిధి రుణానికి వీలుందేమో, పాడగలిగిన చీటీ ఉందేమో, బ్యాంకులో బంగారం మీద ఎంత వస్తుందో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి.

వడ్డీని ఊరి లెక్కలో కాక ఏడాది లెక్కలో చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 50,000 తెస్తే నెలకు 1,000, ఏడాదికి 12,000 వడ్డీకే పోతాయి. అదే 50,000 బ్యాంకులో 10 శాతానికి దొరికితే నెలకు 417 రూపాయలు. ఊళ్లో అప్పు అడగ్గానే దొరుకుతుంది, నిజమే. ఆ తొందర రాకుండా చేయడానికే మూడో అంశంలోని కాగితం.

కాలేజీ "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం" అంటే, ఆ మాట రసీదు మీదో లెటర్‌హెడ్ మీదో రాయించుకోండి. ఒకేసారి కట్టలేకపోతే ఎన్ని వాయిదాల్లో ఏ తేదీలకు కడతారో మీరే దరఖాస్తు రాసి ప్రిన్సిపల్ సంతకం తీసుకోండి. ఇది సెమిస్టర్ మొదట్లో చేయండి. హాల్‌టికెట్ రోజున బేరమాడే బలం మీకు ఉండదు.

8. విద్యారుణం తీసుకోవాలా?

రీయింబర్స్‌మెంట్ అర్హత లేనివాళ్లకు, ముఖ్యంగా ఆదాయం పరిమితికి కాస్త పైన ఉన్న ఇళ్లకు, ఇదే సరైన దారి. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, మీ వాటా కింద ముందు కట్టాల్సిన మార్జిన్ కూడా ఉండదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు. ఆ కాలానికి సాధారణ వడ్డీ మాత్రమే పడుతుంది.

లెక్క ఇలా వేయండి. చేరినప్పుడు 50,000, రెండో ఏడాది మొదట్లో 50,000 తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి 50,000 మీద మూడేళ్లకు 15,000, రెండో దాని మీద రెండేళ్లకు 10,000. వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 1,25,000. ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 2,656 రూపాయలు. వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే, మొదటి ఏడాది నెలకు 417, తర్వాత 833. అప్పుడు బాకీ లక్ష దగ్గరే ఆగుతుంది, వాయిదా 2,125. రెండు ట్యూషన్లు చెప్పుకునే బీఎస్సీ విద్యార్థికి ఇది అందే పనే. ఇలా వడ్డీ ముందే కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు 1 శాతం రాయితీ కూడా ఇస్తాయి. అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

బ్రాంచికి తీసుకెళ్లాల్సినవి: అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ లెటర్‌హెడ్ మీద రెండేళ్ల ఫీజు వివరం, ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు కాపీ, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మెమోలు, తల్లిదండ్రుల ఆదాయ రుజువు, ఇద్దరి ఆధార్, పాన్. ఫీజు వివరంలో పరీక్ష ఫీజు, పుస్తకాలు, హాస్టల్ కూడా రాయించండి. అందులో లేని ఖర్చుకు బ్యాంకు డబ్బు ఇవ్వదు. మేనేజ్‌మెంట్ సీటుకు లోన్ అడిగితే ప్రభుత్వం ఆమోదించిన ఫీజు వరకే లెక్కలోకి తీసుకుంటారు. డొనేషన్ పేరుతో అడిగింది మీ నెత్తినే ఉంటుంది.

చిన్న మొత్తం కావడంతో కొన్ని బ్రాంచీలు "తర్వాత రండి" అంటాయి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, ఆ నంబరుతో వెళ్లండి. నమూనా పథకం ప్రకారం దరఖాస్తు తిరస్కరించాలంటే బ్రాంచి పై అధికారి సమ్మతి ఉండాలి. నోటిమాటతో పంపేస్తే రాతపూర్వక కారణం అడగండి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం దీనికి వేరు. దాని వడ్డీ రాయితీ జాతీయ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన సంస్థలకే. మామూలు ప్రైవేటు బీఈడీ కాలేజీలు చాలావరకు ఆ జాబితాలో ఉండవు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే కేంద్ర వడ్డీ రాయితీ పథకం వర్తిస్తుందా, మీ కాలేజీకి నాణ్యతను అంచనా వేసే సంస్థ నాక్ గుర్తింపు ఉందా అని మాత్రం తప్పక అడగండి.

9. రెండేళ్లు నడిపే ఖర్చు

పొద్దుటి పూట పూర్తికాల ఉద్యోగానికి బీఈడీలో చోటు లేదు. సాయంత్రం 8, 9, 10 తరగతుల వాళ్లకు గణితం, సైన్స్ ట్యూషన్ చెప్పడం డబ్బుకూ, టెట్ పేపర్ 2 సిలబస్‌కూ రెండింటికీ పనికొస్తుంది. అయితే రెండో ఏడాది 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో రాత్రిళ్లు పాఠ్యప్రణాళికలు రాయాలి, మరుసటి రోజు పాఠానికి సామగ్రి సర్దుకోవాలి. ఆ నెలల్లో ట్యూషన్ ఆదాయం సగానికి తగ్గుతుందని ముందే లెక్క వేసుకోండి.

రికార్డులు రాసిపెట్టే మనుషులు ఉంటారు, మోడళ్లు అమ్మే దుకాణాలూ ఉంటాయి. రెంటికీ డబ్బు పోయకండి. సైన్స్ మెథడాలజీ వాళ్లకు బోధనోపకరణాల ఖర్చు దాదాపు లేకుండా చేసుకోవచ్చు. ద్రవపీడనం పాఠమే తీసుకోండి. రెండు లీటర్ల ఖాళీ సీసాకు పైన, మధ్యలో, కింద ఒకే మందం మేకు కాల్చి మూడు కన్నాలు పెట్టి, టేపు అంటించి నీళ్లు నింపి, ఒక్కసారి టేపు లాగితే చాలు. దీన్ని చదును బల్ల మీద పెడితే కింది కన్నం ధార కాకుండా మధ్య కన్నం ధారే ఎక్కువ దూరం పడుతుంది. కింది ధార వేగంగానే బయటికొస్తుంది కానీ, దూరం పోయేలోపే బల్లను తాకేస్తుంది. పరిశీలకుడి ముందు ట్రైనీలు తడబడేది ఇక్కడే. సీసాను ఎత్తైన స్టూలు అంచున పెట్టి నీళ్లు నేల మీద పడేలా చేస్తే కింది ధారే అన్నిటికంటే ఎక్కువ దూరం పడుతుంది. ఈ రెండు పద్ధతులూ పక్కపక్కన చూపించి, తేడా ఎందుకో పిల్లల చేతే చెప్పించారంటే దుకాణంలో కొన్న థర్మాకోల్ మోడల్ కంటే మంచి మార్కులు వస్తాయి. గాజు పరికరాలు కావాలంటే ఇంటర్న్‌షిప్ స్కూలు ల్యాబులో సైన్స్ టీచరు గారిని అడిగి, రిజిస్టర్‌లో రాసి తెచ్చుకోండి.

10. సీటు వదిలేయాల్సి వస్తే, కోర్సు అయిపోతే

ఎమ్మెస్సీ సీటో ఉద్యోగమో వచ్చి బీఈడీ మానేస్తే కట్టిన ఫీజులో ఎంత తిరిగొస్తుందన్నది తేదీ మీద ఆధారపడుతుంది. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం, ప్రకటించిన ఆఖరి ప్రవేశ తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే వదిలేస్తే మొత్తం తిరిగివ్వాలి. ప్రాసెసింగ్ కింద ఫీజులో 5 శాతం, అదీ 5,000 దాటకుండా, కోసుకోవచ్చు. ఆ తేదీకి 15 రోజుల్లోపు ఉండగా అయితే 90 శాతం. ఆ తేదీ దాటి 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం. 30 రోజులు దాటితే ఏమీ రాదు. అందుకే మానేయాలన్న నిర్ణయం అయ్యాక ఒక్కరోజు కూడా ఆగకండి. ఉత్తరం రాసి, తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. అదే నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. చేరేటప్పుడు చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ఉంచుకుంటామని పట్టుబడితే ఏవేవి ఇచ్చారో జాబితాతో రసీదు తీసుకోండి.

కోర్సు అయ్యాక టీసీ, మెమోలు తీసుకునే రోజున రెండేళ్ల రసీదులన్నీ వెంట తీసుకెళ్లండి. రీయింబర్స్‌మెంట్ ఇంకా పెండింగ్‌లో ఉందంటే ఈపాస్ లేదా జ్ఞానభూమిలో శాంక్షన్ స్టేటస్ ప్రింటు తీసి చూపించండి. మీరు ముందుగా కట్టిన డబ్బు కాలేజీ తిరిగివ్వాల్సి ఉంటే, బకాయి విడుదలయ్యాక ఇస్తామన్న కాగితం ఆ రోజే తీసుకోండి. లోన్ ఉన్నవాళ్లు చివరి సెమిస్టర్ మెమో కాపీ బ్యాంకులో ఇచ్చి, మొదటి వాయిదా ఏ నెలలో పడుతుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఈ లోన్ మీద కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. దానికి బ్యాంకు ఏటా ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.